మచ్చ చేతి మీదే ఉంది, జ్ఞాపకం మూలుగలో ఉండేది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నెల్లూరు. పదిహేనేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అన్నయ్యకు 38 ఏళ్లు. లుకేమియా వస్తే కీమోథెరపీ ఇచ్చి, తర్వాత ఎముక మజ్జ (మూలుగ) మార్పిడి చేశారు. మా తమ్ముడి కణాలు సరిపోయాయి, వాడే ఇచ్చాడు. ఇప్పటికి పది నెలలైంది. దేవుడి దయ వల్ల జబ్బు మళ్లీ కనిపించలేదు. మొన్న ఆసుపత్రిలో ఒక చార్టు చేతికిచ్చి, పసిపిల్లలకు వేసే టీకాలన్నీ మొదటి నుంచీ వేయించాలన్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. చిన్నప్పుడు ఇద్దరికీ అన్నీ వేయించానని, అన్నయ్య చేతి మీద మచ్చ ఇప్పటికీ ఉందని, మూలుగ ఇచ్చిన తమ్ముడికి కూడా టీకాలు పడ్డాయి కదా అని అంటోంది. రక్తపరీక్షలో ధనుర్వాతానికి యాంటీబాడీలు ఉన్నట్టే వచ్చింది. మొదటి నెలల్లో ఇమ్యునోగ్లోబులిన్ సీసాలు కూడా ఎక్కించారు. మరి మళ్లీ ఎందుకు? ఇంకో భయం కూడా ఉంది. కణాలు ఇచ్చినప్పటి నుంచి తమ్ముడికి తరచూ జలుబు చేస్తోంది. వాడి శక్తి అంతా అన్నయ్యకు పోయిందని అమ్మ కుమిలిపోతోంది. దయచేసి వివరంగా చెప్పండి.
ఇద్దరి మధ్య పుట్టిన ఆడపడుచు, పెరంబూరు

సమాధానం:

అమ్మా, ఆలస్యం చేయకూడని మాట ముందు చెబుతాను. ఆసుపత్రివారు ఇచ్చిన చార్టు సరైనదే. మీ అన్నయ్యకు టీకాలు మొదటి నుంచీ వేయించాలి. వాయిదా వేయకుండా, వాళ్లు చెప్పిన తేదీకే మొదలుపెట్టండి. మీ తమ్ముడి టీకాల ఫలం మీ తమ్ముడి దగ్గరే ఉంది. అతను అన్నకు ప్రాణం పోశాడు, అందుకు తన రోగనిరోధక శక్తిని పణంగా పెట్టలేదు. ఈ రెండు ముక్కలూ ఈ రాత్రే అమ్మగారికి చెప్పండి.

ఇక ఆమె ప్రశ్న. దాన్ని పెద్దావిడ చాదస్తమని పక్కన పెట్టకండి. ఇచ్చినవాడికి టీకాలు పడ్డాయి, పుచ్చుకున్నవాడికీ పడ్డాయి, మరి మధ్యలో పోయింది ఏమిటి అని ఆమె అడుగుతున్నారు. వైద్యం చదివే పిల్లల్లో కూడా అందరికీ తట్టని ప్రశ్న ఇది. టీకా జ్ఞాపకం శరీరంలో ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే తప్ప దీనికి జవాబు లేదు. ఆ చోటు కచ్చితంగా తెలిసింది కూడా 1990ల చివరలోనే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ చెన్నైలోనే పాథాలజిస్టుగా పనిచేశాను. తుంటి ఎముక నుంచి తీసిన మూలుగను గాజు పలక మీద పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడడం నా రోజువారీ పని. అక్కడ కనిపించే వాటిలో ఎక్కువ భాగం రేపో మాపో రక్తంలోకి బయలుదేరబోయే పిల్ల కణాలే. ఎర్రకణాలు కాబోయేవి కొన్ని, తెల్లకణాలు కాబోయేవి కొన్ని. ఆ సందడి మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి ప్లాస్మా కణం ఉంటుంది. ఆరోగ్యవంతుల మూలుగలో నూటికి ఒకటి కూడా ఉండదు. కోడిగుడ్డు ఆకారం, ముదురు నీలి రంగు. కేంద్రకం నడిమధ్యన ఉండకుండా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అందులోని పదార్థం ఎద్దులబండి చక్రానికి ఆకులు అమర్చినట్టుగా కనిపిస్తుంది. కేంద్రకాన్ని ఆనుకుని లేత రంగులో చిన్న జాగా ఉంటుంది. తయారైన యాంటీబాడీలను, అంటే క్రిములకు అంటుకుని వాటిని అడ్డుకునే అణువులను, సర్ది బయటికి పంపే గది అది. లుకేమియా కణాల కోసం వెతికే కన్ను ఈ ప్లాస్మా కణాన్ని చూసీ చూడనట్టు దాటిపోతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే దాటిపోయాను. చిన్నప్పుడు వేసిన టీకా నుంచి ఈ రోజుకీ మిమ్మల్ని ధనుర్వాతం బారిన పడకుండా కాస్తున్నది మాత్రం నూటికి ఒకటి కూడా లేని ఆ కణమే.

మూలుగలోనే రక్తం పుడుతుందని జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ న్యూమన్ 1868లో చెప్పారు. యాంటీబాడీలను చేసేది ప్లాస్మా కణాలేనని స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ ఫాగ్రియస్ 1948లో చూపించారు. ఈ రెండు సంగతులూ తెలిశాక కూడా, ప్లాస్మా కణం కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు బతికి పోతుందనే చాలాకాలం నమ్మారు. 1997లో జర్మనీలో ఒక బృందం, 1998లో అమెరికాలో మరో బృందం ఎలుకల మీద ప్రయోగాలు చేసి, మూలుగలో చేరిన ప్లాస్మా కణాలు విభజన చెందకుండానే ఆ ఎలుక జీవితకాలంలో చాలా భాగం బతుకుతాయని నిరూపించాయి.

మనుషుల విషయంలో దీన్ని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవచ్చు. యాంటీబాడీ ఒక ప్రొటీన్. మన రక్తంలో ఎక్కువగా ఉండే ఐజీజీ రకం యాంటీబాడీ సుమారు మూడు వారాల్లో సగం అరిగిపోతుంది. ఇంకో మూడు వారాల్లో మిగిలినదాంట్లో సగం పోతుంది. పన్నెండు వారాలు గడిచేసరికి మిగిలేది పదహారో వంతు. ఇప్పుడు అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన లెక్క చూడండి. 45 మంది రక్తాన్ని ఏళ్ల తరబడి పరీక్షించి, ధనుర్వాతం యాంటీబాడీలు సగానికి తగ్గడానికి 11 ఏళ్లు, కంఠసర్పి (డిఫ్తీరియా) యాంటీబాడీలు సగానికి తగ్గడానికి 19 ఏళ్లు పడుతుందని తేల్చారు. మూడు వారాలకు సగమయ్యే సరుకు పదకొండేళ్లకు గానీ సగం కావడం లేదంటే, ఎవరో లోపల రోజూ కొత్తది చేసి పోస్తున్నారన్నమాట. పోసేది మూలుగలోని ప్లాస్మా కణాలే.

మీ అమ్మగారికి అరవై దాటి ఉంటే ఆమె చేతి మీద మశూచి టీకా మచ్చ కూడా ఉండి ఉంటుంది. మన చెన్నైలోని గిండీలో 1899లో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు ఆ టీకా మందు తయారయ్యేది. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ క్రిమి ఆమె దరిదాపులకు కూడా వచ్చి ఉండదు. అయినా ఆ టీకా వేయించుకున్నవారి రక్తంలో దశాబ్దాల తర్వాత కూడా దానికి యాంటీబాడీలు దొరికాయి. శత్రువు మళ్లీ కనిపించకపోయినా మూలుగ పని మానదు. మీరు అడిగింది బ్యాక్టీరియా సంగతి, ఇది వైరస్ సంగతి. అయినా ఆమె చేతి మీదే ఉన్న ఉదాహరణ కనుక చెప్పాను.

ఇంతకీ ఆ కణాలు మూలుగకు ఎలా చేరతాయి? పసితనంలో మీ అన్నయ్య తొడకు ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి సూది వేశారు. ఆ మందు దగ్గరలోని శోషరస గ్రంథులకు చేరింది. గొంతు నొప్పి చేసినప్పుడు మెడ దగ్గర బిళ్లలు కట్టాయంటామే, అవే ఈ గ్రంథులు. అక్కడ బి కణాలనే తెల్లకణాలు ఆ మందును పట్టుకోవడానికి పోటీ పడతాయి. గట్టిగా పట్టుకోగలిగినవి నెగ్గి, పిల్లలను పెట్టి, రెండు దారుల్లో వెళతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా మారి గ్రంథుల్లో, ప్లీహంలో, రక్తంలో ఎదురుచూస్తూ ఉంటాయి. కొన్ని ప్లాస్మా కణాలుగా మారి రక్తం వెంట ప్రయాణించి మూలుగలో దిగుతాయి. అక్కడి ఆధార కణాలు ఒక రసాయన సంకేతంతో వాటిని రప్పించుకుంటాయి, బతకడానికి కావలసిన ప్రొటీన్లను అందిస్తాయి. జాగా దొరికిన ప్లాస్మా కణం ఇక తిరుగుళ్లు, విభజన రెండూ మానేసి, కూర్చున్నచోటే సెకనుకు వేల యాంటీబాడీ అణువులను చేసి వదులుతుంది. ఆ జాగా నుంచి లాగేస్తే కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. జాగాలు కూడా లెక్కగానే ఉంటాయి.

జ్ఞాపక కణాలు వేరే ఉన్నాయి కదా, మూలుగ ఉత్పత్తి తగ్గినా అవి చూసుకోలేవా అనే అనుమానం రావచ్చు. బ్యాక్టీరియా దగ్గర ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. జ్ఞాపక కణం క్రిమిని గుర్తుపట్టి, పెరిగి, యాంటీబాడీలు చేయడానికి కొన్ని రోజులు కావాలి. మెదడు పొరలకు వాపు తెచ్చే మెనింగోకోకస్ అన్ని రోజులు ఆగదు. గొంతులో చేరినది రక్తంలోకి దిగిందంటే గంటల్లో మనిషిని కూలదోస్తుంది. బ్రిటన్‌లో 1999లో ఈ క్రిమి సి రకానికి పసిపిల్లలకు టీకా మొదలుపెట్టారు. ఏడాది గడిచేసరికి ఆ పిల్లల్లో యాంటీబాడీలు తగ్గిపోయాయి. జ్ఞాపక కణాలు ఉన్నా టీకా కాపుదల సన్నగిల్లింది. చివరికి 2006లో ఏడాది వయసులో మరో డోసు చేర్చారు. ధనుర్వాతం మరో తరహా. దాని విషం ఎంత తీవ్రమైనదంటే, మనిషిని చంపగల మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థ కంట పడనంత తక్కువ. అందుకే ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవారికి కూడా టీకా వేయాల్సిందే. ఆ జబ్బు తనంతట తాను జ్ఞాపకం మిగల్చదు. ఇలాంటి వాటి ముందు అప్పటికప్పుడు తయారుచేస్తామంటే కుదరదు. రక్తంలో ముందే సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధంగా ఉంచే పని మూలుగది.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. మూలుగలోనే జ్ఞాపకం ఉంటే, తమ్ముడి మూలుగతో పాటు అతని జ్ఞాపకం కూడా రావాలి కదా? మీ అమ్మగారి వాదన అంతా ఇక్కడే ఉంది, సహజంగానే అనిపిస్తుంది కూడా. పొరపాటు ఎక్కడంటే, మార్పిడిలో అన్నయ్యకు పనికివచ్చేది తమ్ముడి మూలకణాలు. మూలకణం అంటే ఇంకా ఏదీ కాని కణం, ముందు ముందు ఏ రక్తకణమైనా కాగలిగిన కణం. ధనుర్వాతం అంటే ఏమిటో దానికి తెలియదు. యాంటీబాడీ జన్యువు మూలకణంలో కత్తెర పడని తానులా ఉంటుంది. ప్రతి బి కణమూ పుట్టేటప్పుడు ఆ తానులో తనకు కావలసిన ముక్కలను తనే కత్తిరించి, తనే కుట్టుకుంటుంది. జపాన్‌లో పుట్టిన సుసుము టోనెగావా 1976లో ఈ సంగతి బయటపెట్టి, 1987లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ధనుర్వాతాన్ని పట్టే కుట్టు మీ తమ్ముడి ఒంట్లో ఏ బి కణాల సంతతిలో పడిందో, ఆ సంతతి దగ్గరే ఉండిపోయింది. మూలకణాల దాకా వెనక్కి రాలేదు. ఈతగాడి కొడుకైనా ఈత నేర్చుకోవలసిందే. మీ తమ్ముడి మూలకణాల నుంచి అన్నయ్య ఒంట్లో ఇప్పుడు పుడుతున్న బి కణాలన్నీ ఇంకా నీళ్లలో దిగని పిల్లలే.

మార్పిడి రోజున ఎక్కించిన సంచిలో మూలకణాలతో పాటు తమ్ముడి జ్ఞాపక కణాలు కూడా కొన్ని వస్తాయి. అబద్ధం చెప్పకూడదు, అవి కొంతకాలం సాయం చేస్తాయి. కానీ వాటిని నమ్ముకుని ఏళ్లు గడపలేం.

రక్తపరీక్షలో ధనుర్వాతం యాంటీబాడీలు ఉన్నాయన్న సంగతి దగ్గర కొంచెం నిదానంగా ఆలోచించండి, చాలామంది మోసపోయేది ఇక్కడే. అవి రెండు చోట్ల నుంచి వచ్చి ఉండవచ్చు. ఒకటి, మీరు చెప్పిన ఇమ్యునోగ్లోబులిన్ సీసాలు. వేలమంది దాతల ప్లాస్మాను కలిపి, అందులోని యాంటీబాడీలను వేరుచేసి ఆ సీసాల్లో నింపుతారు. అందులో ధనుర్వాతానికి, న్యుమోనియాకు, తట్టుకు అన్నింటికీ ఊరివాళ్లందరి యాంటీబాడీలు ఉంటాయి. పైన చెప్పిన మూడు వారాల లెక్కే వాటికీ వర్తిస్తుంది. సీసాలు ఆపాక కొన్ని నెలలకు ఏమీ మిగలవు. చివరి సీసా ఎప్పుడు ఎక్కించారో మీ ఫైలులో చూడండి. రెండోది, అన్నయ్య సొంత పాత ప్లాస్మా కణాలు. కీమోథెరపీ ఎక్కువగా దెబ్బతీసేది గబగబా విభజన చెందే కణాలను. ప్లాస్మా కణం విభజన మానుకుంది కనుక కొంతవరకు తప్పించుకుంటుంది. అందుకే మార్పిడి జరిగిన మొదటి ఏడాది పాత యాంటీబాడీలు కనిపించడం మామూలే. అయితే ఆ మూలుగలో ఇప్పుడు పెత్తనం తమ్ముడి కణాలది. తమ్ముడి బ్లడ్ గ్రూపు వేరై ఉంటే అన్నయ్య గ్రూపు కూడా ఈపాటికి అటే మారి ఉంటుంది. కొత్తవాళ్లు పాత ప్లాస్మా కణాలను పరాయివిగా చూసి ఒక్కొక్కటిగా తీసేస్తారు. మళ్లీ టీకా వేయకపోతే, మార్పిడి అయిన తర్వాతి ఏళ్లలో ధనుర్వాతం, పోలియో, తట్టు యాంటీబాడీలు తరిగిపోతాయని ఎన్నో ఏళ్ల అనుభవం చెబుతోంది. ఈ రోజు కాగితం మీద కనిపించే అంకె వెళ్లిపోతున్నవారిది.

చార్టులో ముందు వరసలో న్యుమోకోకస్, హిబ్, మెనింగోకోకస్ అనే పేర్లు ఉంటాయి. నాకు వాటి మీదే ఎక్కువ పట్టింపు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ మూడూ తమ చుట్టూ చక్కెర పదార్థంతో జారుడు తొడుగు కప్పుకుని తిరిగే బ్యాక్టీరియా. ఆ తొడుగు వల్ల తెల్లకణాలు వాటిని పట్టి మింగలేవు. తొడుగుకు యాంటీబాడీ అంటుకుంటేనే పట్టు దొరుకుతుంది. చిక్కు ఏమిటంటే, వట్టి చక్కెర తొడుగును చూపిస్తే రోగనిరోధక వ్యవస్థ మంచి జ్ఞాపకం తయారుచేసుకోలేదు. మామూలుగా బి కణాలకు తోడు నిలిచే టి కణాలు ప్రొటీన్‌కు తప్ప చక్కెరకు పలకవు. రెండేళ్ల లోపు పిల్లలైతే ఆ తొడుగుకు దాదాపు స్పందించనే స్పందించరు. మార్పిడి జరిగినవారి కొత్త రోగనిరోధక వ్యవస్థ కూడా సరిగ్గా ఆ పసిపిల్లల దశనే దాటుతూ వస్తుంది. 38 ఏళ్ల మనిషికి పసిపిల్లల టీకాలు ఏమిటని అమ్మగారు నొచ్చుకున్నారు కదా. మనిషి వయసు 38, అతని రక్తం వయసు పది నెలలు.

ఈ చిక్కును విప్పడానికే చక్కెర తొడుగు ముక్కను ఒక ప్రొటీన్‌కు అతికించి కాంజుగేట్ టీకాలు చేశారు. ప్రొటీన్ కోసం టి కణాలు వస్తాయి, వాటి తోడుతో బి కణాలు చక్కెరను నేర్చుకుంటాయి, నేర్చుకున్నవి మూలుగకు చేరతాయి. మన హైదరాబాదులో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా ఇదే పద్ధతిలో చేసినది. మీ చార్టులో న్యుమోకోకల్ కాంజుగేట్ టీకా మూడు డోసులు ఉంటుంది, ఆ తర్వాత ఇంకొకటి. డోసుల మధ్య నెల, రెండు నెలలు ఎడం ఇస్తారు. ఒక్కటి వేయించి బాగానే ఉన్నాడని ఆపేయకండి. కొన్ని చోట్ల ఈ టీకాను మూడో నెల నుంచే మొదలుపెడతారు, కొన్ని చోట్ల ఆరు నెలలు లేదా ఏడాది ఆగుతారు. రోగి వాడుతున్న మందులను, ఒంటి తీరును బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. ఆగడం వాళ్ల నిర్ణయమైతే సరే, మన ఇంట్లో తర్జనభర్జనల వల్ల ఆగకూడదు.

అన్నయ్యకు ఎప్పుడైనా చలితో జ్వరం వస్తే, వేళ కాని వేళైనా ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరండి. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. తొడుగు ఉన్న బ్యాక్టీరియా అంత సమయం ఇవ్వదు. ఈ జాగ్రత్త టీకాలు వేశాక కూడా ఏళ్ల తరబడి ఉండాలి. వైద్యులు రోజూ వేసుకోమని యాంటీబయాటిక్ రాసి ఉంటే దాన్నీ సొంతంగా మానకూడదు.

ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గుకు కలిపి వేసే టీకా, పోలియోకు సూది రూపంలోది, హెపటైటిస్ బి, ఏటా ఫ్లూ సూది, ఇవన్నీ చచ్చిన క్రిములతోనో, వాటి ముక్కలతోనో చేసినవి. తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాలు బతికి ఉన్న బలహీన క్రిములతో చేసినవి. వాటికి కనీసం రెండేళ్లు ఆగాలి. అప్పటికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఆగి ఉండాలి, తమ్ముడి కణాలు అన్నయ్య శరీరంతో తగువు పడకుండా ఉండాలి. ఈ వరసను మార్చే హక్కు మార్పిడి చేసిన వైద్యులకే ఉంది. వీధి చివర క్లినిక్కులో ఏ టీకా పడితే ఆ టీకా వేయించకండి.

ఇక ఆ మచ్చ. మీ అన్నయ్య భుజం కింద ఉన్నది బీసీజీ మచ్చ. క్షయకు వ్యతిరేకంగా వేసే ఆ టీకా కోసం మన గిండీలో 1948లోనే ప్రత్యేకంగా ఒక ప్రయోగశాల పెట్టారు. టీకా పుండై మానినచోట చర్మం మిగుల్చుకున్న గుర్తు ఆ మచ్చ. చర్మం మీ అన్నయ్యదే కనుక అది అలాగే ఉంది, జీవితాంతం ఉంటుంది. లోపల దాన్ని గుర్తుంచుకున్న రక్తకణాల వంశం మాత్రం మారిపోయింది. అమ్మగారు ఆ మచ్చను తడిమి చూసుకుని ధైర్యం తెచ్చుకుంటూ ఉంటారని ఊహించగలను, అందుకే ఈ మాట మెల్లగా చెప్పండి. బీసీజీని మాత్రం మళ్లీ వేయరు, వేయకూడదు. అది బతికి ఉన్న బ్యాక్టీరియా.

బీసీజీ గురించి ఒక చిత్రమైన సంగతి ఉంది. మూలకణాలకు ఏమీ తెలియదని ఇంతసేపూ చెప్పాను. యాంటీబాడీల విషయంలో అది పూర్తిగా నిజం. అయితే బీసీజీ పడినప్పుడు మూలుగలోని మూలకణాల తీరులో కూడా మార్పు వస్తుందని, వాటి నుంచి పుట్టే క్రిములను మింగే తెల్లకణాలు ఆ తర్వాత వాటిని మరింత చురుగ్గా ఎదుర్కొంటాయని 2018లో ఎలుకల్లో చూపించారు. 2020లో మనుషుల్లో కూడా ఆ ఛాయలు కనిపించాయి. జన్యువు మారకుండా, ఏ జన్యువును తెరిచి ఉంచాలి, దేన్ని మూసి ఉంచాలి అనే గుర్తులు మాత్రమే మారుతాయి. ఒక క్రిమిని పేరు పెట్టి గుర్తుంచుకునే జ్ఞాపకం కాదది, మొత్తంగా అప్రమత్తంగా ఉండడం లాంటిది. మీ అన్నయ్య టీకాల చార్టును ఇది ఏ విధంగానూ మార్చదు. నాకు మాత్రం ఈ వయసులో కూడా మూలుగ కొత్త సంగతులు చెబుతూనే ఉందన్న సంతోషం ఉంది.

మీ తమ్ముడి దగ్గరికి వద్దాం. అతని నుంచి కణాలు ఎలా తీసుకున్నారో మీరు రాయలేదు. ఈ రోజుల్లో ఎక్కువగా చేసే పద్ధతి ఇది: నాలుగైదు రోజులు సూదులు ఇచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు. ఒక చేతి నుంచి రక్తాన్ని యంత్రంలోకి పంపి, మూలకణాలను ఉంచుకుని, మిగతా రక్తాన్ని రెండో చేతికి తిరిగి ఎక్కిస్తారు. ఎముకను తాకనే తాకరు. తుంటి ఎముక నుంచే తీసి ఉన్నా, అది ఒంట్లోని మొత్తం మూలుగలో కొద్ది భాగమే. వెన్నుపూసలు, పక్కటెముకలు, రొమ్ము ఎముక, కటి ఎముకలు అన్నింటా మూలుగ ఉంది. తీసింది కొన్ని వారాల్లో తిరిగి నిండుతుంది. అతని ప్లాస్మా కణాలు ఆ ఎముకలన్నింటిలోనూ ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. అతనికి టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయనవసరం లేదు.

మరి జలుబులు? జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైగా ఉన్నాయి. పెద్దవాళ్లకు ఏడాదికి రెండు మూడుసార్లు జలుబు చేయడం మామూలే. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే ఇంకా ఎక్కువ. పది నెలలుగా ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ, నిద్ర లేక, దిగులుతో ఉన్న మనిషి మీద ఇంటిల్లిపాదీ కళ్లు పెట్టుకుని చూస్తుంటే ప్రతి తుమ్మూ లెక్కలోకి వస్తుంది. అయినా నా మాట మీద వదిలేయవద్దు. కణాలు ఇచ్చినవారిని తర్వాత పరీక్షించి చూడడం ఆసుపత్రి బాధ్యత. ఒకసారి తీసుకువెళ్లి రక్తకణాల లెక్క చేయించండి. అది సరిగ్గా ఉంటే ఆ కాగితాన్ని అమ్మగారికి చూపించండి. తగ్గని జ్వరం, బరువు తగ్గడం, మళ్లీ మళ్లీ న్యుమోనియా లాంటివి ఉంటే అప్పుడు వేరే కారణం వెతకాలి. వట్టి జలుబులకు అన్నకు చేసిన సాయాన్ని కారణంగా చూపకండి. ఆ మాట పదేపదే వింటే అన్నయ్యకు కూడా గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇంట్లో చేయవలసినవి రెండు మూడు ఉన్నాయి. వర్షాకాలం రాగానే చెన్నైలో చాలా ఇళ్లల్లో నేలవేము కషాయం కాచి అందరికీ ఇస్తారు. శక్తి పెరుగుతుందని అన్నయ్యకు కూడా ఇవ్వాలని అమ్మగారికి అనిపించవచ్చు. ఏ కషాయమైనా, ఏ చూర్ణమైనా మార్పిడి వైద్యులను అడగకుండా ఇవ్వద్దు. ఆయన వాడే మందుల మోతాదు చాలా సున్నితంగా ఉంటుంది. ఏ కషాయమూ మూలుగలో ధనుర్వాతం జ్ఞాపకాన్ని పెట్టలేదు, ఆ పని టీకా ఒక్కటే చేస్తుంది. ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్ల పోలియో చుక్కల గురించి ముందే పిల్లల డాక్టరుతోనూ, అన్నయ్య డాక్టరుతోనూ మాట్లాడండి. చుక్కల మందులో బతికి ఉన్న వైరస్ ఉంటుంది, కొన్ని వారాల పాటు పిల్లల మలంలో బయటికి వస్తుంది. ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నప్పుడు సూది పోలియో మేలు. పిల్లలకు చుక్కలు వేసి ఉంటే ఆ గుడ్డలు మార్చే పని అన్నయ్య చేయకూడదు, మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల మిగతా టీకాలు మాత్రం ఒక్కటి కూడా మానవద్దు.

టీకా వేసిన ప్రతిసారీ తేదీ, టీకా పేరు చార్టులో రాయించుకుని, దాన్ని ఫోటో తీసి మీ ముగ్గురి ఫోన్లలోనూ ఉంచుకోండి. నెల్లూరు వెళ్లినప్పుడు అక్కడి వైద్యులకు కూడా అది చూపించడానికి పనికివస్తుంది. అన్నయ్య కొత్త మూలుగ టీకాలను పూర్తిగా నేర్చుకునేదాకా అతని చుట్టూ ఉన్నవాళ్లే అతనికి కంచె. కనుక ఈ ఏడాది ఫ్లూ సూది మీ ఇంట్లో అందరూ వేయించుకోవాలి. మొదటి సూది అమ్మగారికి వేయించండి. అన్నయ్యకు అన్నం వడ్డించేది ఆమే కదా.